పాత కంప్యూటరుకి కొత్త చిత్రకారుడు

మీ ఇంట్లో గాని, మీ బాబాయిగారింట్లో గాని ఒక పాత కంప్యూటరు ఉందనుకుందాం. ఏదో ఆఫీసులో ఏళ్ల తరబడి చాకిరీ చేసి, అక్కడికి కొత్తవి రాగానే చవగ్గా అమ్ముడుపోయి, చివరికి మీ బల్ల మీదికి చేరింది. ఉత్తరాలు రాస్తుంది. లెక్కలు చేస్తుంది. పాఠాల వీడియోలు చూపిస్తుంది. కాని ఒక ఆట మొదలుపెట్టారా, ఇక చూడండి దాని అవస్థ! బొమ్మ నాలుగడుగులు వేసి ఆగుతుంది, ఆగి ఆగి మళ్లీ ఒక్క గెంతు గెంతుతుంది. మీ బంతి గోల్లో పడిందో లేదో అర్ధ నిమిషానికి గాని తెలియదు.

“గ్రాఫిక్స్ కార్డు వేయిస్తే పరిగెడుతుందిరా” అంటాడు మీ స్నేహితుడు. పరిగెత్తవచ్చు. పరిగెత్తకపోవచ్చు కూడా. పండగలకి పెద్దలిచ్చిన నోట్లు డబ్బాలో దాచుకుని, ఏడాదికోసారి లెక్కపెట్టుకునే వాళ్లకి ఆ “కూడా” అన్న మాట చాలా బరువైనది. అందుకని దుకాణానికి వెళ్లేముందు ఆ కార్డు ఏం చేస్తుందో, ఎందుకు చేయగలదో, ఎప్పుడు చేయలేదో తెలుసుకుందాం.

తెరమీద ఎన్ని చుక్కలు?

మానిటరు మీది బొమ్మని భూతద్దంతో చూడండి. అది గీతలూ రంగులూ కాదు, చుక్కల ముగ్గు! ఇవాళ మామూలుగా వాడే తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. హెచ్చించండి. 20,73,600 చుక్కలు. బొమ్మ కదులుతున్నట్టు కంటికి నునుపుగా కనిపించాలంటే ఈ ముగ్గుని సెకనుకి 60 సార్లు చెరిపి మళ్లీ వేయాలి. అంటే సెకనుకి 12,44,16,000 చుక్కలు. పన్నెండు కోట్ల పైమాటే!

వేయడమంటే ఊరికే పెట్టేయడం కాదు. ప్రతి చుక్కకీ కొన్ని ప్రశ్నలుంటాయి. ఇక్కడ గోడ ఉందా, గోడ ముందు మనిషి ఉన్నాడా? వెలుగు ఏ వైపునుంచి పడుతోంది? నీడలో ఉందా, ఎండలో ఉందా? వీటన్నిటికీ కూడికలూ గుణకారాలూ చేసి, చివరికి ఎరుపెంత, పచ్చెంత, నీలమెంత అన్నది తేల్చాలి.

ఒకప్పుడు పని ఇంత లేదు. 1981లో ఐబీఎం వారి పర్సనల్ కంప్యూటరుతోపాటు వచ్చిన రంగుల కార్డులో ఉన్న జ్ఞాపకశక్తి 16 కిలోబైట్లు మాత్రమే. అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు, నాలుగంటే నాలుగే రంగులు. నాలుగు రంగుల్లో ఏదో చెప్పడానికి రెండు బిట్లు చాలు. 64,000 చుక్కలకి 1,28,000 బిట్లు, అంటే 16,000 బైట్లు. కార్డులోని చోటు సరిగ్గా సరిపోయింది చూశారా? ఆ కార్డు బొమ్మని దాచి తెరకి చూపేది, అంతే. బొమ్మకి కావలసిన లెక్కలన్నీ ప్రాసెసరే చేసుకునేది. రానురాను ఆ లెక్కల బరువు కార్డు మీదికి వచ్చింది. 1999లో ఎన్విడియా కంపెనీ జీఫోర్స్ 256 అనే కార్డుని తెచ్చి, దాని ముఖ్యమైన చిప్పుకి ‘గ్రాఫిక్స్ ప్రాసెసింగ్ యూనిట్’ అని పేరు పెట్టి ప్రచారం చేసింది. జీపీయూ అన్న మాట అప్పటినుంచే అందరి నోటా పడింది.

పండితుడూ, నాట్లు వేసేవాళ్లూ

ప్రాసెసరు అంత తెలివైనది కదా, ఈ పని అదే చేసుకోకూడదా?

2012లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ5-3470 అనే ప్రాసెసరుని తీసుకుందాం. ఆఫీసులనుంచి బయటికొచ్చిన పాత యంత్రాల్లో ఇది తరచు కనిపిస్తుంది. దానిలో నాలుగు కోర్లు, అంటే నాలుగు బుర్రలు ఉన్నాయి. ఒక్కొక్కటీ సెకనుకి 320 కోట్ల సార్లు టిక్కుమంటుంది. నాలుగూ కలిసి 1,280 కోట్ల టిక్కులు. మన పన్నెండున్నర కోట్ల చుక్కలకి వీటిని పంచితే ఒక్కో చుక్కకి వచ్చేవి సుమారు 103 టిక్కులు. ఆటలో బంతి ఎటు పోవాలి, శత్రువు ఏం చేయాలి, శబ్దం ఎలా రావాలి అన్నవి కూడా ఈ 103లోంచే తీయాలి!

ఇప్పుడు జీటీ 1030 అనే చిన్న కార్డుని చూడండి. ఇది 2017లో వచ్చింది, తన తరంలో చిట్టచివరి తమ్ముడు. దానిలో 384 చిన్న బుర్రలున్నాయి. ఒక్కొక్కటీ సెకనుకి 120 కోట్లకి కొంచెం పైగా టిక్కుమంటుంది. అన్నీ కలిపి చుక్కలకి పంచితే ఒక్కో చుక్కకీ 3,700 పైగా టిక్కులు వస్తాయి. ఇది మోటు లెక్కే సుమా! ప్రాసెసరు కోరు ఒక్క టిక్కులో నాలుగైదు పనులు చక్కబెట్టగలదు. చిన్న బుర్ర అలా చేయలేదు. అయినా తేడా ఎంతటిదో తెలుస్తోంది కదా!

పొలంలో చూడండి. ఏ భూమికి ఏ పంట, నీళ్లు ఎప్పుడు వదలాలి, అప్పు ఎక్కడ తేవాలి అని ఆలోచించే పెద్ద రైతు ఒకడుంటాడు. ఎకరం నాటు వేయమంటే మాత్రం ఆయనొక్కడివల్ల ఎప్పటికి అవుతుంది? వరసగా నిలబడి, ఒకేసారి వంగి, ఒకేలా నారు గుచ్చే ముప్పయిమంది కావాలి. ప్రాసెసరు పెద్ద రైతు. గ్రాఫిక్స్ కార్డు నాట్లు వేసే జట్టు. ఒక చుక్కకి పక్క చుక్క జవాబుతో పనిలేదు గనుకనే ఈ జట్టుపని సాధ్యమైంది.

పేరొకటే, దారి వేరు

జట్టు ఎంత పెద్దదైనా నారు కట్టలు సమయానికి అందకపోతే? అందరూ నడుం మీద చేతులు పెట్టుకు నిలబడాల్సిందే! కార్డు విషయంలో నారుకట్టలంటే జ్ఞాపకంలోంచి వచ్చే సమాచారం. అది వచ్చే దారి ఎంత వెడల్పు, ఆ దారిలో ఎంత వేగం అన్నవే అసలు సంగతి. ఇది నాకు పుస్తకం చెప్పలేదు. ఒక దెబ్బ చెప్పింది.

2019లో మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. ఏడాదిన్నరపాటు కూడబెట్టిన డబ్బు జేబులో పెట్టుకుని “మావయ్యా, నువ్వయితే మోసపోవు, నువ్వు రా” అని నన్ను దుకాణానికి తీసుకెళ్లాడు. జీటీ 1030 అడిగాం. జీటీ 1030 ఇచ్చారు. పెట్టె మీద రెండు గిగాబైట్లు అని ఉంది, చాలనుకున్నాను. ఇంటికొచ్చి బిగించాం. వాడి స్నేహితుడి ఇంట్లో అదే పేరున్న కార్డు మీద చక్కగా ఆడే ఆట మా దగ్గర నీరసంగా నడిచింది. పెట్టె తిప్పి చూస్తే ఒక మూల చిన్న అక్షరాల్లో ‘డీడీఆర్4’ అని ఉంది. స్నేహితుడి కార్డు మీద ‘జీడీడీఆర్5’ అని ఉంది. విప్పిన పెట్టె వెనక్కి తీసుకోమన్నారు. వాడు నన్నేమీ అనలేదు. అదే ఎక్కువ బాధపెట్టింది.

లెక్క వేసి చూడండి. రెండు కార్డుల్లోనూ జ్ఞాపకం దారి వెడల్పు 64 బిట్లే. అంటే పక్కపక్కన 64 బళ్లు పోయే బాట. జీడీడీఆర్5 కార్డులో ఒక్కో వరసలో సెకనుకి 600 కోట్ల బిట్లు పోతాయి. 64ని 600 కోట్లతో హెచ్చించి, 8 బిట్లు ఒక బైటు గనుక 8తో భాగిస్తే 4,800 కోట్ల బైట్లు. అంటే సెకనుకి 48 గిగాబైట్లు. 2018లో అదే పేరుతో వచ్చిన డీడీఆర్4 కార్డులో ఒక్కో వరస వేగం 210 కోట్ల బిట్లే. అదే లెక్క చేస్తే 16.8 గిగాబైట్లు. సుమారు మూడోవంతు! జట్టులో మనుషులు అదే 384, దానికి తోడు వాళ్ల టిక్కుల వేగం కూడా కొంచెం తక్కువ.

కనుక ‘ఎన్ని గిగాబైట్లు’ అని అడగడం గోదాము ఎంత పెద్దదని అడగడం. ‘సెకనుకి ఎన్ని గిగాబైట్లు’ అన్నది గోదాము తలుపు ఎంత పెద్దదని అడగడం. రెండూ అడగాలి.

ఇరుకు ఎక్కడుంది?

చెరువు తూము పెద్దది చేయించినంత మాత్రాన పొలానికి నీళ్లు ఎక్కువ రావు. మధ్యలో కాలవ పూడిపోయి ఉంటే తూముకి పెట్టిన డబ్బు దండగ. మీ కంప్యూటరులో ఇరుకు కార్డు దగ్గరే ఉందా? పైసా ఖర్చు లేకుండా తెలుసుకునే ప్రయోగం ఒకటుంది.

మిమ్మల్ని విసిగించే ఆటని తెరవండి. చాలా ఆటల్లో సెకనుకి ఎన్ని బొమ్మలు వస్తున్నాయో చూపే అంకె ఉంటుంది. ముందు 1920 అడ్డం, 1080 నిలువు పెట్టి, ఒకే చోట నిలబడి ఆ అంకె రాసుకోండి. తరవాత చుక్కల సంఖ్యని 1280, 720కి తగ్గించండి. మిగతావేవీ మార్చకండి. మళ్లీ అదే చోట నిలబడి అంకె చూడండి.

ఇప్పుడు వేయవలసిన చుక్కలు 9,21,600. ముందటి వాటిలో సగానికన్నా తక్కువ. నాట్లు వేసేవాళ్ల పని సగమైంది. పెద్ద రైతు పని మాత్రం ఉన్నంతే ఉంది. అంకె బాగా పెరిగిందా? అయితే ఇరుకు బొమ్మల దగ్గరే, కార్డు మందు పనిచేస్తుంది. అంకె దాదాపు కదల్లేదా? అయితే ఇరుకు ప్రాసెసరు దగ్గర, లేదా ముఖ్య జ్ఞాపకం దగ్గర. ఎంత ఖరీదైన కార్డు కొన్నా అంకె అక్కడే కూచుంటుంది. రెండుసార్లూ 60 దగ్గరే ఆగిందా? బహుశా తెర వేగానికి ఆట కళ్లెం వేసుకుంది. ఆ ఆటకి జబ్బే లేదన్నమాట.

ఖర్చులేని మందులు ముందు

ప్రయోగం ‘కార్డు’ అని చెప్పినా వెంటనే పరిగెత్తకండి. విడి కార్డు లేని కంప్యూటరులో బొమ్మలు వేసే చిన్న జట్టు ప్రాసెసరు లోపలే ఉంటుంది. దానికి సొంత గోదాము లేదు, ముఖ్య జ్ఞాపకాన్నే అరువు అడుగుతుంది. ఇక్కడొక చిత్రం ఉంది. 1600 రకం డీడీఆర్3 జ్ఞాపకం పలక ఒక్కటే ఉంటే దారి సెకనుకి 12.8 గిగాబైట్లు. అదే రకం రెండో పలకని, మదర్‌బోర్డు పుస్తకం చెప్పిన గాడిలో పెడితే రెండు దారులూ ఒకేసారి తెరుచుకుని 25.6 అవుతుంది! పాత డీడీఆర్3 పలక విడి కార్డుకన్నా ఎంతో చవక. చిన్న ఆటలకి ఇదే సరిపోవచ్చు.

రెండోది దుమ్ము. ప్రాసెసరు మీది ఫ్యానుకి దుమ్ము పట్టి వేడి బయటికి పోకపోతే, ప్రాసెసరు కాలిపోకుండా తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. ప్లగ్గు పీకి, ఫ్యాను తిరక్కుండా వేలితో పట్టుకుని, మెత్తని బ్రష్షుతో దులపండి. జబ్బు అదే అయితే మందు ఖరీదు సున్నా.

కొనేముందు ఐదు కొలతలు

ఇవేవీ చాలలేదు, కార్డు కావలసిందే అనుకుందాం. కంప్యూటరు మూత తీసి, కాగితం మీద ఐదు సంగతులు రాసుకోండి.

ఒకటి, గాడి. మదర్‌బోర్డు మీద పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే పొడుగాటి గాడి ఉండాలి. పూర్తి గాడిలో 16 దారులుంటాయి. మూడో తరం గాడిలో ఒక్కో దారి సెకనుకి సుమారు ఒక గిగాబైటు మోస్తుంది, రెండో తరంలో అందులో సగం. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6400 వంటి కార్డులు నాలుగు దారులే వాడతాయి. అది నాలుగో తరం గాడికి తగినట్టు చేసినది. మూడో తరం గాడిలో పెడితే దాని దారి సగమైపోతుంది. కార్డులోని 4 గిగాబైట్లూ నిండితే ఆట తడబడుతుంది. జీటీ 1030 కూడా నాలుగు దారులదే గాని, దాని పని చిన్నది గనుక అంతగా బాధపడదు.

రెండు, విద్యుత్తు. పూర్తి గాడి కార్డుకి ఇవ్వగలిగేది 75 వాట్లు. అంతకు మించి కావలసిన కార్డుకి విద్యుత్ పెట్టెనుంచి వేరే తీగ రావాలి. ఆఫీసు కంప్యూటర్లలో చాలావాటికి ఆ తీగ ఉండదు. లెక్క చూడండి. పెట్టె శక్తి 240 వాట్లు. ప్రాసెసరుకి 77. బోర్డు, డిస్కు, ఫ్యాన్లు అన్నిటికీ ఓ 40 అనుకుందాం. జీటీ 1030కి 30. మొత్తం 147, నిశ్చింత. దాని బదులు 75 వాట్ల జీటీఎక్స్ 1650 పెడితే 192. సరిపోతుంది గాని, పాతబడిన పెట్టెకి ఊపిరి సలపదు. కొన్ని చిన్న యంత్రాల్లో గాడి 75 వాట్లు కూడా ఇవ్వదు. ఆ మాట యంత్రం పుస్తకంలో ఉంటుంది, తప్పకుండా చదవండి.

మూడు, ఎత్తు. సన్నని పెట్టెల్లో పూర్తి ఎత్తు కార్డు పట్టదు. పొట్టి కార్డు, దానితోపాటు పొట్టి రేకు కావాలి. స్కేలుతో కొలవండి. పొడుగూ కొలవండి. తీగలు, డిస్కు అడ్డు రాకూడదు.

నాలుగు, మానిటరు తీగ. పాత మానిటరుకి 15 సూదుల నీలం వీజీఏ తీగ ఉందా? జీటీ 1030 వంటి కార్డులు ఆ రకం సంకేతాన్ని ఇవ్వవు. లోపల చిప్పు ఉన్న మార్పిడి సాధనం కొనాలి. దాని ఖర్చు కూడా మీ డబ్బాలోంచే పోతుంది గనుక ముందే కలుపుకోండి.

ఐదు, డ్రైవరు. కార్డుతో మాట్లాడే భాష కంప్యూటరుకి నేర్పే ప్రోగ్రాము ఇది. దీన్ని కంపెనీ ఎప్పటికీ రాస్తూ కూచోదు. జీటీ 1030 తరానికి కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి. భద్రతకి సంబంధించిన దిద్దుబాట్లు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు కూడా 2025 అక్టోబరు 14తోనే ముగిసింది. పాత ఆటలు ఆడుకునేవారికి దీనివల్ల ముంచుకొచ్చే ప్రమాదం లేదు. రేపు రాబోయే ఆట కోసం కొనేవారు మాత్రం ఆలోచించాలి.

వాడిన కార్డు కొంటే

తక్కువ డబ్బుకి ఎక్కువ జట్టు కావాలంటే వాడిన కార్డే దారి. తప్పేమీ లేదు, కళ్లు తెరుచుకుని కొనాలంతే. ఎథీరియం అనే డిజిటల్ నాణెం కోసం రాత్రింబవళ్లు లెక్కలు చేసిన కార్డులు ఎన్నో ఉన్నాయి. 2022 సెప్టెంబరులో ఆ పద్ధతి ఆగిపోయాక అవి అంగట్లోకి గుట్టలుగా వచ్చాయి. వాటి చిప్పు బాగానే ఉండవచ్చు గాని, ఫ్యాను అరిగి ఉంటుంది. ఫ్యానుని వేలితో తిప్పి చూడండి. గరగరమంటే బేరం వదులుకోండి, లేదా కొత్త ఫ్యాను ఖరీదు తగ్గించమనండి.

ఇంకో మాయ ఉంది. పాతకాలపు చిప్పులోని పేరు చెరిపి, జీటీఎక్స్ 1050 టీఐ అని రాసి అమ్మేవాళ్లున్నారు. కంప్యూటరులో పెడితే అది కూడా ‘నేను 1050 టీఐనే’ అని చెప్తుంది! జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాము చిప్పుని తడిమి అసలు గుట్టు చెప్పేస్తుంది. నకిలీని పట్టే ఏర్పాటు దానికి 2018లో చేర్చారు. 1050 టీఐ అంటూ చూపిన కార్డుకి వీజీఏ రంధ్రం ఉందా? అక్కడే అనుమానించండి. పది నిమిషాలు ఆట నడిపి చూపించాకే డబ్బు ఇవ్వండి. ఇలా అడగడం మర్యాద తక్కువేమీ కాదు.

అమర్చే రోజు

ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పి మొదలుపెట్టండి. ప్లగ్గు పీకండి. పీకాక పవర్ బటన్ని ఒకసారి నొక్కితే లోపల మిగిలిన విద్యుత్తు ఖాళీ అవుతుంది. విద్యుత్ పెట్టెని మాత్రం ఎప్పుడూ విప్పకండి. కంప్యూటరు ఇనప పెట్టెని చేత్తో తాకండి. ఉన్ని బట్టలు విప్పేటప్పుడు చిటపటలాడే విద్యుత్తు మన ఒంట్లోంచి దానిలోకి పోతుంది. లేకపోతే ఆ చిటపట కార్డు మీద పడి చిప్పుని చంపగలదు. కార్డుని అంచులు పట్టుకుని, గాడిలో తిన్నగా నొక్కండి. ‘టిక్’ మని కొక్కెం పడాలి. స్క్రూ బిగించండి. మానిటరు తీగని పాత రంధ్రంలో కాదు, కొత్త కార్డు రంధ్రంలో పెట్టండి. ఇది మరిచిపోయి “కార్డు పనిచేయడం లేదు” అని దుకాణానికి పరిగెత్తినవాళ్లు చాలామంది ఉన్నారు!

మా మేనల్లుడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ కార్డుని వాడు పారేయలేదు. చుక్కల సంఖ్య 1280, 720కి తగ్గించి, నీడలు ఆపేసి, రెండేళ్లపాటు దానితోనే ఆడాడు. ఇప్పుడు స్నేహితులు ఏది కొనాలన్నా వాణ్ణి వెంట తీసుకెళ్తారు. వాడు ముందు పెట్టె తిప్పి, చిన్న అక్షరాలు చదువుతాడట.

మీరు చేసి చూడండి

1. ఒక కార్డు జ్ఞాపకం దారి వెడల్పు 128 బిట్లు. ఒక్కో వరస వేగం సెకనుకి 700 కోట్ల బిట్లు. సెకనుకి ఎన్ని గిగాబైట్లు పోతాయి?

2. ఒక కంప్యూటరులో పెట్టె శక్తి 180 వాట్లు, ప్రాసెసరుకి 65, మిగతావాటికి 40 వాట్లు. 75 వాట్ల కార్డు పెట్టవచ్చునా?

జవాబులు: 1. 112 గిగాబైట్లు. 2. మొత్తం సరిగ్గా 180. కాగితం మీద సరిపోయింది. కాని వెసులుబాటు ఒక్క వాటు కూడా లేదు గనుక పెట్టకూడదు.